బుట్టచేతుల కుళ్ళు

మా అమ్మాయి దుబాయ్ నుంచి ఫోన్‌కి ఒక ఆహ్వానం పంపింది. మాస్కులు తీసేసి మనుషులు మళ్ళీ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మొదలుపెట్టాక అక్కడి తెలుగు ఆడవాళ్ళు చేసుకుంటున్న మొదటి పెద్ద వేడుక అది. "ముత్తవ్వల ముస్తాబు" అని పేరు పెట్టారు. వందేళ్ళ కిందట మన పెద్దిళ్ళలో ఆడవాళ్ళు ఎలా కట్టుకునేవారో అలా కట్టుకుని రావాలట. పైన ఒక బొమ్మ. మెడదాకా హుక్కులు, అంచున లేసు, భుజాల దగ్గర బూరెల్లా పొంగిన బుట్టచేతులు. కింద చిన్న అక్షరాల్లో ఒక మనవి: పిల్లల్ని చూసుకోవడానికి వచ్చే ఆయాలు దయచేసి యూనిఫాంలోనే రావాలి.

వెంటనే ఫోన్ చేశాను. "ఇదేమిటే? ముత్తవ్వల వేషం మీకు, ముత్తవ్వల పనిమనుషుల వేషం వాళ్ళకా?"

"అమ్మా, మళ్ళీ మొదలుపెట్టకు. అంత పెద్ద హాలు. పిల్లలు తప్పిపోతే ఎవరి ఆయా ఎవరో తెలియద్దూ?"

"యూనిఫాం వేస్తే అందరూ ఒకేలా ఉంటారు కదే. అప్పుడెలా తెలుస్తుంది?"

"నీతో మాట్లాడలేను," అని పెట్టేసింది.

నేనుండేది దుబాయ్‌కి దూరంగా, అవతలి తీరంలో ఉన్న ఫుజైరాలో. మావారు ఓడలకి చమురు నింపే కంపెనీలో చేరినప్పటి నుంచీ ఇక్కడే. ఒకవైపు రాతికొండలు, ఒకవైపు సముద్రం, మధ్యలో మాట్లాడటానికి మనుషులు తక్కువ. జుట్టుకి రంగు వెయ్యడం మానేశాను గాని వాదించడం మానలేదు. అందుకని ఉన్నమాట చెప్పాలి. ఆ బొమ్మ చూడగానే నాకు ముందు వచ్చింది కోపం కాదు. కోపం తరవాత, ఆలోచించాక వచ్చింది. ముందు వచ్చింది కుళ్ళు. పదేళ్ళ పిల్లప్పటి కుళ్ళు. అదే చోట, గుండె కింద, పుల్లగా.

అప్పుడు మేం దుబాయ్‌లోనే, డేరా అనే పేటలో ఉండేవాళ్ళం. కిటికీ తెరిస్తే క్రీక్‌లో పడవల డీజిలు వాసన, ఎండుచేపల వాసన, దినుసుల కొట్లలోంచి యాలకుల వాసన కలగలిసి లోపలికొచ్చేవి. ఎక్కువ తెరిచేవాళ్ళం కాదు. గోడలో బిగించిన ఏసీ పెట్టె రోజంతా దడదడలాడుతూ కింద బకెట్లోకి నీళ్ళు కార్చేది. నాన్నగారు చీకటితోనే కంపెనీ పికప్ ఎక్కి జెబెల్ అలీ రేవు పనికి వెళ్ళేవారు. అక్కడ ఇంకా ఇసుక, క్రేన్లు తప్ప ఏమీ ఉండేవి కావు. సాయంత్రం ఆయన చొక్కా దులిపితే గదంతా దుమ్ము. అమ్మ డబ్బా పాలపొడితో పెరుగు తోడుపెట్టేది. అది తోడుకున్నరోజు పండగ. తోడుకోనిరోజు ఖుబ్బూస్ రొట్టెలో ఆవకాయ నంజుకుని తినేవాళ్ళం.

మామ్మ అంటే నాన్నగారి అమ్మ. తాతగారు పోయాక ఆవిణ్ణి మా దగ్గరికి తీసుకొచ్చారు. ఆవిడకి ఆ ఊళ్ళో నచ్చినది ఒక్కటీ లేదు. "ఈ నీళ్ళేమిట్రా, ఉతికి ఆరేసినట్టున్నాయి, రుచే లేదు," అనేది. ఎండిపోయిన కరివేపాకు చేతిలో పెట్టుకుని పలకరించేది. మిషను కుట్టంటే అసహ్యం. తన తెల్లరవికలు తనే చేత్తో కుట్టుకునేది, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి, సబ్బుముక్కతో గీతలు గీసి, వేళ్ళతో బెత్తెలు కొలిచి. కింద సందులో ఒక పాకిస్తానీ దర్జీ ఉండేవాడు. అమ్మ బ్లౌజులు అతనే కుట్టేవాడు. ఆ పేరెత్తితే మామ్మ మూతి ముడిచేది. "వాడు కుట్టేది గోనెసంచులకి పనికొస్తుంది," అనేది. వాడి మీద ఆవిడకున్నది కుళ్ళని అప్పుడు నాకు తెలియదు.

మామ్మ రవిక అనేది. అమ్మ బ్లౌజు అనేది. ఎదురింట్లో పనిచేసే ఆయమ్మ జాకెట్టు అనేది. ఒకే గుడ్డకి మూడు పేర్లు. ఏ పేరు వాడితే ఆ మనిషి ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎక్కడికి వెళ్ళాలనుకుంటోందో తెలిసిపోయేది.

ఎదురింటి అత్తయ్య గురించి చెప్పాలి. మాకు చుట్టం కాదు. పరాయిదేశంలో తెలుగు మాట్లాడే వాళ్ళందరూ చుట్టాలే కాబట్టి అత్తయ్య. వాళ్ళాయన ఇంజినీరు. ఆవిడ జుట్టు మెడదాకా కత్తిరించుకునేది, నల్లకళ్ళద్దాలు పెట్టుకునేది, చేతుల్లేని బ్లౌజు వేసుకునేది. శుక్రవారం సెలవురోజు మధ్యాహ్నం మా ముందుగదిలో టీలూ రస్కులూ పెట్టుకుని అందరూ చేరితే, చివరికి మాట ఆవిడ బ్లౌజు దగ్గరికే వచ్చేది.

"మనం ఇక్కడ పదిమంది కళ్ళలో ఉంటాం కదమ్మా. మన ఆడవాళ్ళు కాస్త నిండుగా ఉంటే..." అని నాన్నగారు గొణిగేవారు.

"అన్నయ్యగారూ, మీరు చొక్కా చేతులు మోచేతిపైకి మడిచి కూర్చున్నారు. నేనేమైనా అన్నానా?"

గదంతా నవ్వులు. నాన్నగారు గబగబా చేతులు దించుకునేవారు.

"నా చేతులు నావి. వాటి మీద ఎంత గుడ్డ ఉండాలో నేను చెప్తాను," అనేది అత్తయ్య రస్కు టీలో ముంచుతూ.

నాకు ఒళ్ళు పులకరించేది. ఎదుటివాడి చొక్కా పట్టుకునే ఎదుటివాణ్ణి ఓడించొచ్చని నేను నేర్చుకున్నది ఆవిడ దగ్గరే. అమ్మ మాత్రం వంటింట్లోకి వచ్చి, "చెల్లుతుంది, మొగుడు ఇంజినీరు," అని గిన్నె గట్టిగా పెట్టేది. అమ్మ తన కుళ్ళుకి పొదుపు అని పేరు పెట్టుకుంది. "మనకెందుకమ్మా అలాంటివన్నీ, దండగ," అనేది.

అత్తయ్యకి చంటిపిల్లాడు. వాణ్ణి చూసుకోవడానికి గోదావరి లంకల నుంచి ఒక మనిషిని తెప్పించుకున్నారు. ముప్పై లోపే వయసు. నల్లగా, నిటారుగా ఉండేది. నవ్వితే మొహమంతా నవ్వేది. నేను అక్కా అని పిలిస్తే అత్తయ్యే సరిదిద్దింది: "అక్క ఏమిటే? ఆయా అను." నేను మధ్యేమార్గంగా ఆయమ్మ అన్నాను. ఆవిడకి ఊళ్ళో ఒక కూతురు, తల్లి, సగం లేచి ఆగిపోయిన ఇల్లు ఉన్నాయి. ఎవరు పలకరించినా మాట అక్కడికే వెళ్ళేది. "గోడలు లేచాయండి. కప్పు పడాలండి. వాన వస్తే గోడలు కరిగిపోతాయండి." ఆ కప్పు కోసమే ఆవిడ దుబాయ్ వచ్చింది.

మధ్యాహ్నం అత్తయ్యా పిల్లాడూ నిద్రపోతే ఆయమ్మ మా ఇంటికొచ్చి మామ్మ పక్కన చతికిలబడేది. ఇద్దరికీ గోదావరి గురించి మాట్లాడుకోవడం కావాలి. పులసా, పనసపొట్టూ, వరదొచ్చినప్పుడు ఎవరింట్లో ఎంతదాకా నీళ్ళొచ్చాయో, అదంతా. ఒకరోజు ఆయమ్మ అడిగింది:

"మామ్మగారండీ, బుట్టచేతుల జాకెట్టు కుట్టగలరాండి?"

"నువ్వెక్కడ చూశావే బుట్టచేతులు? ఆ రోజులెప్పుడో పోయాయి."

"మా అమ్మ పనిచేసే మేడలో పెద్ద పటం ఉండేదండి. ఆ ఇంటి ముసలమ్మగారు కొత్తపెళ్ళికూతురప్పుడు తీయించుకున్నదంట. చేతులు ఇలా ఉబ్బిపోయి, మెడకాడ లేసండి. ఆ పటం తుడిచే పని నాది. తుడిచినప్పుడల్లా కుళ్ళుగా ఉండేదండి." నవ్వింది. "ఒకసారి ఆవిడ మొహం మీద తడిగుడ్డ అలాగే వదిలేసి వెళ్ళిపోయాను కూడానండి."

మామ్మ పడీపడీ నవ్వింది. చాన్నాళ్ళకి నవ్వింది. "కుడతానే. ఆ గోనెసంచుల వాడు నేర్చుకుంటాడు," అంది.

ఈ మాటలు నేను వినలేదు, మామ్మ తరవాత చెప్పింది. అప్పుడు బళ్ళో ఉన్నాను. నాకు తెలిసిందల్లా ఏమిటంటే, మామ్మ బీరువాలోంచి నా గుడ్డ తీసింది.

నిజంగా అది నా గుడ్డే. లేతనీలం మీద తెల్లచుక్కల వాయిలు. అమ్మా నేనూ అబ్రా పడవ ఎక్కి క్రీక్ దాటి బట్టల కొట్లకి వెళ్ళి, తాను చివర మిగిలిన ముక్క బేరమాడి కొన్నాం, నా గౌనుకి. ఇంటికొచ్చి చూస్తే చాల్లేదు. నేను పొడుగు సాగాను. "గౌనుకి చాలదు గాని రవికకి సరిపోతుంది," అంది మామ్మ. ఉగాదికి నాకు పట్టుపరికిణీ ఉంది. పరికిణీ మీదికి రవిక కావాలి. ఇంక నాకు వేరే అనుమానం ఎందుకొస్తుంది?

నేను రోజూ బడినుంచి రాగానే ఆవిడ పక్కన చేరేదాన్ని. కుట్టేటప్పుడు మామ్మ కబుర్లు చెప్పేది. తన జాకెట్టు కథ అప్పుడే విన్నాను.

"నేను కాపరానికొచ్చిన కొత్త. మీ తాత సభలకి వెళ్ళేవాడు. ఆడవాళ్ళు చదువుకోవాలి, ముడిరవికలు మానెయ్యాలి, మెడదాకా జాకెట్లు తొడిగి నలుగురిలోకి రావాలి, ఇవీ ఆ సభల్లో మాటలు. ఒకరోజు దర్జీ సాయిబుని ఇంటికి పిలిపించి నాకు కొలతలు తీయించాడు. దొరసాని బళ్ళో పంతులమ్మది ఎలా ఉంటే అలా కుట్టమన్నాడు. బుట్టచేతులు నిలబడాలని గంజిలో ముంచి ఆరేశారు. తొడుక్కుంటే చెవులకి తగిలేవి."

"నీ అత్తగారు ఏమంది?"

"ఏమంటుంది? నాటకాలాడేదాన్ని తెచ్చాడురా కొంపకి అంది. మీ తాత నన్ను సభకి తీసుకెళ్ళి ముందువరసలో కూచోబెట్టాడు. నన్ను చూపించి ఏదో అన్నాడు, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకో, జాకెట్టుకో, మీ తాతకో నాకిప్పటికీ తెలీదు."

నా మనసు కథ మీద లేదు. కుచ్చులు పెట్టి తిరగేసిన ఒక చెయ్యి చాప మీద పడుంది. మామ్మ నీళ్ళు తాగడానికి లేస్తే దాన్ని నెత్తిమీద టోపీలా పెట్టుకుని అద్దం ముందు దొరసానిలా నడిచాను. అది నా తలకి సరిగ్గా పట్టింది. అప్పుడైనా ఆలోచించాల్సింది. నా తల పట్టే చెయ్యి నా చేతికి ఎలా సరిపోతుంది?

ఉగాదికి ముందురోజు ఆయమ్మ లోపలిగదిలోంచి బయటికి వచ్చింది. నా గుడ్డ. బుట్టచేతులు. మెడదాకా కాజాలు. మామ్మ తన పాత చీర అంచు లేసు కూడా కోసి మెడకి వేసింది. ఆ నీలం ఆ నల్లటి మెడ కింద ఎలా వెలిగిందో, ఆ చేతులు ఆ భుజాల మీద ఎలా కుదిరాయో చెప్పడం నాకు ఇన్నేళ్ళ తరవాత కూడా ఇష్టం లేదు. ఆవిడ అద్దం ముందు ఏ వేషమూ వెయ్యలేదు. ఊరికే నిలబడింది. ఆ జాకెట్టు ఆవిడ ఒంటి మీదే పుట్టినట్టుంది.

"అది నాది!" అని అరిచాను.

"నీకు చాల్లేదు కదే."

"రవికకి చాలుతుందన్నావు!"

"నీకని అన్నానా?"

నాకు ఏడుపు కూడా రాలేదు. అంత కుళ్ళు వచ్చింది. మామ్మ మీద, ఆయమ్మ మీద, ఆయమ్మ చేతుల మీద. "నాకు కుళ్ళుగా ఉంది!" అని గట్టిగా చెప్పి మంచం కిందకి దూరాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ భవనంలో ఆ మాట ఆ పేరుతో పలికింది ఇద్దరమే. పటం తుడిచిన ఆయమ్మ, మంచం కింద నేను. పెద్దవాళ్ళందరూ అదే సరుక్కి వేరే పేర్లు అతికించుకుని తిరిగారు.

ఉగాది ఒక బడి హాల్లో చేశారు. ఎండిన వేపపువ్వు ఎవరో సూట్‌కేసులో తెచ్చారు. మామిడికాయ ఎక్కడిదో గాని పులుపు లేదు. గుమ్మంలో పన్నీరుబుడ్డీ, కుంకుమభరిణీ పట్టుకుని ముదీర్‌గారి భార్య నిలబడింది. నాన్నగారి కంపెనీ మేనేజరుని అందరూ ముదీర్ అనేవారు. ఆవిడ ఊరినుంచి అప్పుడే వచ్చింది, ఎవరి మొహమూ ఎరగదు, ఇంజినీరుగారికి చంటిపిల్లాడున్నాడని మాత్రం విన్నది. మేం ముందు వెళ్ళాం. నేను పాత గౌను వేసుకుని, పరికిణీ వద్దని మొండికేసి, మూతి బిగించి ఉన్నాను. మా వెనకే అత్తయ్యవాళ్ళు వచ్చారు. ముందు పిల్లాణ్ణి ఎత్తుకుని ఆయమ్మ. వెనక పాలసీసాల సంచీ పట్టుకుని చేతుల్లేని బ్లౌజులో, నల్లకళ్ళద్దాల్లో అత్తయ్య.

ముదీర్‌గారి భార్య మొహం విప్పారింది. ఆయమ్మ నుదుటి మీద కుంకుమ దిద్ది, పన్నీరు చల్లి, "రండమ్మా, ఇంజినీరుగారి ఇల్లాలు కదూ? ఎంత లక్షణంగా ఉన్నారో. అచ్చం మా అమ్మమ్మ ఫోటోలో ఉన్నట్టు! ముందువరసలో కూర్చోండి," అంది. తరవాత అత్తయ్య వైపు తిరిగి, "ఆ సంచీ అలా మూల పెట్టమ్మాయ్. పాలు వెచ్చబెట్టడానికి వెనక స్టవ్వుంది," అంది.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయమ్మ గాభరాపడింది. "నేను కాదండి, అమ్మగారు ఆవిడండి!" అంది.

అత్తయ్య నవ్వింది. చాలా ధైర్యంగా, పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. ఆ తరవాత వేదిక ఎక్కి, ముందే సిద్ధం చేసుకున్న ఉపన్యాసం ఇచ్చింది. ఆడది ఏం కట్టుకోవాలో శాసించే హక్కు ఎవడికీ లేదంది. మంచి ఉపన్యాసం. అందులో ఒక్క మాట కూడా నేను ఇవాళ కొట్టెయ్యను. మామ్మ కూడా చప్పట్లు కొట్టింది. ఆయమ్మ హాలు వెనక స్టవ్వు దగ్గర పాలు వెచ్చబెడుతోంది.

మర్నాడు మెట్లగదిలో అత్తయ్య గొంతు వినిపించింది.

"ఆ జాకెట్టు ఇంకోసారి నా కంటపడిందో, ఖలాస్! నీ పాస్‌పోర్ట్ ఆయన దగ్గరే ఉంది. ఏ విమానం దొరికితే అది ఎక్కించేస్తాం. నా పాత మాక్సీలు ఉన్నాయి. ఇంట్లో అవే వేసుకో, బయటికీ అవే వేసుకో."

మామ్మ చేతికర్ర కూడా మర్చిపోయి గోడ పట్టుకుని ఎదురింటికి నడిచింది. నేను వెనకే వెళ్ళాను.

"అమ్మాయ్, నీ చేతులు నీవన్నావు కదే శుక్రవారం. మరి దాని చేతులు ఎవరివి?"

"పిన్నిగారూ, మీరు పెద్దవారు. ఇది వేరే విషయం."

"ఏది వేరు? చెయ్యి వేరా, గుడ్డ వేరా?"

"నేను జీతం ఇస్తున్నానండీ."

"పిల్లాణ్ణి ఎత్తుకున్నందుకు ఇస్తున్నావు. ఒంటిమీద గుడ్డ కూడా అందులోకే వస్తుందా?"

అత్తయ్య మొహం ఎర్రబడింది. "పనివాళ్ళు పనివాళ్ళలా కనిపించాలి పిన్నిగారూ. లేకపోతే ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది?"

"తెలియకపోతే ఏమవుతుందే?"

అత్తయ్య లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను పుస్తకాలు చదివాను, సభల్లో మాట్లాడాను, ఆచారమని, పద్ధతని, పరువని వాదించేవాళ్ళని చాలామందిని చూశాను. మామ్మ అడిగిన ఆ చిన్న ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పగా వినలేదు. జవాబు అందరికీ తెలుసు, అందుకే చెప్పరు. తెలియకపోతే, గుడ్డ తప్ప తేడా ఏమీ లేదని తెలిసిపోతుంది.

వాదనలో మామ్మ గెలిచింది. కాని పాస్‌పోర్ట్ ఉన్నది వాళ్ళ బీరువాలో. మధ్యాహ్నం ఆయమ్మ జాకెట్టు ఉతికి మడతపెట్టి తెచ్చింది.

"నా గురించి గొడవొద్దండి మామ్మగారు. జాకెట్టే కదండి. వానలొచ్చేలోపు కప్పు పడాలండి. పాపగారికి చిన్నది చేసెయ్యండి. ఆరోజు మంచం కింద ఎంత బాధపడ్డారో."

ఆయమ్మ వెళ్ళాక మామ్మ కత్తెర మొనతో కుట్లు విప్పడం మొదలుపెట్టింది. తను కుట్టిన కుట్టు తను విప్పడం ఆవిడకి ఎంత కష్టమో నాకు తెలుసు. ఒక్కొక్క దారం లాగుతూ, నా వైపు చూడకుండా, కథలో మిగిలిన సగం చెప్పింది.

"మాకు గోదావరి నీళ్ళు తెచ్చే మనిషి ఉండేది. నా వయసే. నా జాకెట్టు ఒకటి చంక దగ్గర చిరిగితే దానికిచ్చాను. అది బాగుచేసుకుని తొడుక్కుని, బిందె భుజాన పెట్టుకుని వచ్చింది. చూశాను. నాకన్నా బాగుంది. నాకు గంజి పెడితే గాని నిలబడని చేతులు దానికి ఊరికే నిలబడ్డాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇచ్చింది నేనే, మండింది నాకే! మా అత్తగారు వీధిలోకి వినపడేలా అరిచింది. మీ తాత అరుగు మీద కూచుని రాసుకుంటున్నాడు. ఆడవాళ్ళ గురించే ఏదో ఉపన్యాసం. దాన్ని పిలిచి, మెత్తగా, ఎంత మెత్తగానో, 'ఇది నీ పనికి అడ్డం కదమ్మా, పని లేనిరోజు తొడుక్కో,' అన్నాడు."

"అదేమంది?"

"'అయితే చచ్చినరోజు తొడుక్కుంటానయ్యా,' అంది. బిందె దించి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు." మామ్మ దారం పుటుక్కున తెంపింది. "మాలాంటివాళ్ళం వేసుకుంటే నాగరికం అన్నారే. సానివాళ్ళు వేసుకుంటే సింగారం అన్నారు. అది వేసుకుంటే పొగరన్నారు. మీ తాత చెడ్డవాడు కాదు. మా అత్తగారికీ, మీ తాతకీ, నాకూ ఆరోజు వచ్చింది ఒకటే రోగం. మా అత్తగారు ఆచారమంది, మీ తాత సౌకర్యమన్నాడు, నేను నోరు మూసుకున్నాను."

మా ఇంట్లో గోడ మీద తాతగారి ఫోటో ఉండేది. సంస్కర్త అని చెప్పుకునేవాళ్ళం. ఇప్పటికీ చెప్పుకుంటాను, ఆయన చేసినవి చేశాడు కాబట్టి. కాని సంస్కరణ తన ఇంటి గడప దగ్గర కాకుండా, ఆ గడప కడిగే మనిషి దగ్గర ఆగిపోతుందని నాకు తెలిసింది ఆరోజు, కత్తెర మొన దగ్గర.

జాకెట్టు చిన్నదై నాకొచ్చింది. కోరుకున్నది చేతికొచ్చినా నాకు సుఖం లేదు. నా పుల్లచేతుల మీద ఆ బుట్టలు గాలిపోయిన బుడగల్లా వేలాడాయి. మెట్లమీద ఆయమ్మ కనిపించి, వంగి, రెండు వేళ్ళతో కుచ్చులు సర్ది చూసింది. "చెయ్యి నిండాలండి పాపగారు. అన్నం తినండి," అని నవ్వింది. ఆవిడ ఒంటి మీద అత్తయ్య పాత మాక్సీ ఉంది. అందులోనూ బాగుంది. నాకు మళ్ళీ మండింది.

అప్పుడే అత్తయ్య తలుపు తీసుకుని వచ్చింది. నన్ను చూసి బుగ్గ పుణికింది.

"అబ్బో, ఎంత ముద్దుగా ఉన్నాయే ఈ బుట్టచేతులు! ఏ టైలరు కుట్టాడు? నేనూ ఒకటి కుట్టించుకుంటాను."

"ఇది ఆయమ్మదే అత్తయ్యా. చిన్నది చేశారు."

అత్తయ్య నన్ను చూసింది, ఆయమ్మని చూసింది. ఆయమ్మ పిల్లాడి మూతి తుడుస్తోంది. చాలా శ్రద్ధగా తుడుస్తోంది.

"అవునా," అంది అత్తయ్య. "పిల్లల మీద వేరేలే."

ఆవిడ అబద్ధం చెప్పలేదు. అదే గుడ్డ, అదే రంగు, అదే మామ్మ కుట్టు, మొన్న చూసిన కళ్ళే. లోపలి చెయ్యి మారగానే ఆ కళ్ళకి పొగరు ముద్దుగా కనిపించింది. ఇంతకన్నా స్పష్టమైన రుజువు నాకు తరవాత ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఆయమ్మ ఒప్పందం ముగిసేదాకా ఆ మాక్సీల్లోనే ఉంది. వెళ్ళేరోజు ఉదయం మా ఇంటికి చెప్పడానికొచ్చింది. గుమ్మంలో ఆవిణ్ణి చూసి అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

ఎర్రటి జార్జెట్. దాని మీద బంగారు రంగు పువ్వులు. బుట్టచేతులు, మామ్మ కుట్టినవాటికన్నా పెద్దవి, చెవులని దాదాపు తాకుతున్నాయి. చేతిలో పాస్‌పోర్ట్.

"ఎవరు కుట్టారే?" అంది మామ్మ అనుమానంగా.

"కింద దర్జీ అండి. బుట్టచేతులు, బుగ్గచేతులు అని ఎంత చెప్పినా తెలియదే ఆయనకి! చివరికి బుగ్గల్లోకి ఊపిరి పట్టి చూపించానండి. 'అచ్ఛా, ఫుగ్గా!' అన్నాడు. వాళ్ళ భాషలో బుడగంటండి. అందుకే బుడగంత పెట్టేశాడు."

మామ్మ కళ్ళద్దాలు సర్దుకుని, చెయ్యి తిరగేసి చూసింది. "కుట్టు వదులు. కాజా వంకర. లోపల మడత లేనేలేదు."

"మీ చెయ్యి వాడికెలా వస్తుందండి మామ్మగారు."

"అదీ!" అంది మామ్మ. కాని ఆ చెయ్యి చాలాసేపు వదల్లేదు.

"కప్పు పడిందా?" అని అడిగింది అమ్మ.

"ఆయ్! పడిందండి. మొన్నటి వానకి చుక్క కారలేదంటండి."

ఆయమ్మ కిందికి దిగింది. నేను బాల్కనీలోకి పరిగెత్తాను. అమ్మ గరిటెతోనే వచ్చింది. మామ్మ గోడ పట్టుకుని వచ్చింది. మాదాన్ని ఆనుకునే ఉన్న వాళ్ళ బాల్కనీలో అత్తయ్య, భుజాన పిల్లాడు. వాడు కింద ఎర్రటి చేతులు చూసి గుర్తుపట్టి కేకలు పెడుతున్నాడు. ఆయమ్మ పైకి చూసి అందరికీ కలిపి ఒకే దండం పెట్టింది. టాక్సీ వెనకసీట్లో కూర్చుని, బుట్టలు నలగకుండా చేతులు కాస్త ఎడంగా పట్టుకుంది. డ్రైవరు తలుపు వేసేదాకా అలాగే ఉంది, ఎవరి కోసమూ తొందరపడకుండా.

ఆ భవనం ఇప్పుడు లేదు. ఆ స్థలంలో హోటలు లేచింది. మామ్మా, అమ్మా, నాన్నగారూ లేరు. అత్తయ్య ఎక్కడుందో తెలియదు. ఆ తరవాత నేను రకరకాల బట్టలు కట్టాను. కొన్ని పదిమందిని రెచ్చగొట్టడానికి కట్టాను, కొన్ని పదిమందిలో కలిసిపోవడానికి కట్టాను. ప్రతిసారీ ఎవరు చూస్తున్నారో నాకు తెలుస్తూనే ఉంది. ఆ టాక్సీలో కూర్చున్న మనిషి మాత్రం పైన బాల్కనీల్లో ఉన్న మమ్మల్ని మర్చిపోయి, తన చేతులు తను చూసుకుని మురిసిపోతూ వెళ్ళింది. అలా వేసుకోవడం నాకు ఈ వయసుకీ రాలేదు. ఆవిడ మీద నాకున్నదానికి వేరే పేరేమీ పెట్టను. కుళ్ళే.